షా నజఫ్ గోడ దగ్గర ఒక నావికుడు: విలియం హాల్ పతకం వెనక కథ

1859 ఫిబ్రవరి 1న బ్రిటిష్ ప్రభుత్వ అధికార పత్రిక లండన్ గెజెట్‌లో ఒక చిన్న ప్రకటన వచ్చింది. షానన్ అనే యుద్ధనౌకకు చెందిన విలియం హాల్ అనే నావికుడికీ, అదే ఓడలో ఫిరంగుల అధికారిగా పనిచేసిన లెఫ్టినెంట్ యంగ్‌కూ, యుద్ధ సాహసానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ ఇస్తున్నట్టు దాని సారాంశం. కారణం ఒక్క ముక్కలో తేల్చేశారు: 1857 నవంబరు 16న లక్నోలో షా నజఫ్ అనే కట్టడం మూలకు తెచ్చిన 24 పౌండ్ల ఫిరంగి దగ్గర చూపిన ధైర్యం. సిఫారసు చేసింది ఓడ కెప్టెన్ పీల్. ప్రకటన వెలువడేనాటికి ఆయన బతికి లేడు.

ఆ ప్రకటనలో హాల్ నల్లజాతివాడని లేదు. బానిసత్వం తప్పించుకుని వచ్చిన తల్లిదండ్రుల కొడుకన్న సంగతీ లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అతను గోడ కూల్చాడనీ లేదు. ఇప్పుడు హాల్ గురించి వచ్చే చాలా కథనాల్లో మాత్రం అసలు ఘట్టం అదే. చుట్టూ ఉన్నవాళ్లంతా నేలకొరిగాక హాల్ ఒక్కడే ఫిరంగి పేల్చి గోడ బద్దలు కొడతాడు, సైన్యం లోపలికి దూసుకెళుతుంది, లక్నో దారి తెరుచుకుంటుంది. వినడానికి బాగుంటుంది. ఆ రోజు జరిగింది మాత్రం ఇంత సాఫీగా లేదు, ఇంతకన్నా ఆసక్తికరంగా ఉంది.

అసలు సముద్రానికి వందల మైళ్ల దూరంలో ఉన్న లక్నోలో ఓడ మనుషులకేం పని?

షానన్ చైనాకు పోవాల్సిన ఓడ. ఆవిరి యంత్రమూ తెరచాపలూ రెండూ ఉన్న కొత్త తరం ఫ్రిగేట్ రకం యుద్ధనౌక. కెప్టెన్ విలియం పీల్ బ్రిటన్ మాజీ ప్రధాని రాబర్ట్ పీల్ కొడుకు. క్రిమియా యుద్ధంలో వత్తి కాలుతున్న గుండును చేతులతో ఎత్తి గోడ అవతల పారేసినందుకు అప్పటికే విక్టోరియా క్రాస్ ఉన్నవాడు. ఉత్తర భారతంలో సిపాయిలు తిరగబడ్డారని తెలిశాక షానన్‌ను కలకత్తాకు మళ్లించారు. 1857 ఆగస్టులో అక్కడికి చేరగానే పీల్ తన నావికుల్లోంచి ఒక దళాన్ని తయారు చేసి, ఓడ ఫిరంగులను కిందికి దించి, గంగ మీద అలహాబాద్ దాకా తీసుకెళ్లాడు. అక్కడి నుంచి కాన్పూరు, కాన్పూరు నుంచి లక్నో. దారిలో నవంబరు 1న ఖజ్వా దగ్గర జరిగిన పోరులో పదాతి దళం కల్నల్ చనిపోతే, ఆ సైన్యం మొత్తానికి నాయకత్వం వహించింది కూడా ఈ ఓడ కెప్టెనే.

కారణం సూటిగానే ఉంది. ఆ ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సైన్యం చాలా భాగం తిరగబడింది, లేదా ఆయుధాలు లాక్కోవడంతో పనికిరాకుండా పోయింది. గోడలు బద్దలు కొట్టే పెద్ద ఫిరంగులూ, వాటిని నడిపే చేతులూ బ్రిటిష్ వాళ్లకు కరువయ్యాయి. రెండూ ఓడలో సిద్ధంగా ఉన్నాయి. పైగా ఓడ మనిషికి బరువులు కదిలించడం రోజువారీ పని. తాళ్లు, కప్పీలు, అందరూ ఒక్క పట్టున లాగడం అతనికి కొత్త కాదు. ఎద్దులు మొరాయించిన చోట, ఇసుకలో చక్రాలు దిగబడిన చోట ఆ అలవాటే అక్కరకొచ్చింది. క్రిమియాలో సెవస్తపోల్ ముట్టడిలోనూ నావికులు ఇలాగే నేల మీద ఫిరంగులు నడిపారు. హాల్ అక్కడా ఉన్నాడు.

లక్నోలో అప్పటి పరిస్థితి ఇది. 1857 జూన్ చివర చిన్‌హట్ దగ్గర ఓడిపోయిన బ్రిటిష్ వాళ్లు తమ ప్రతినిధి నివాసమైన రెసిడెన్సీ ఆవరణలోకి చేరి ముట్టడిలో చిక్కుకున్నారు. బేగం హజ్రత్ మహల్ తన కొడుకు బిర్జిస్ ఖద్ర్‌ను గద్దె మీద కూర్చోబెట్టి, లక్నో రాజధానిగా ఉన్న అవధ్ పాలన నడుపుతోంది. సెప్టెంబరు 25న బ్రిటిష్ సేనానులు హావ్‌లాక్, ఔట్రమ్‌ల దళం లోపలికైతే చొచ్చుకెళ్లింది కానీ బయటికి రాలేక తానూ చిక్కుబడింది. అందుకే రెండోసారి కాలిన్ క్యాంప్‌బెల్ నాయకత్వంలో పెద్ద సైన్యం బయలుదేరింది. అందులో పీల్ నావికులున్నారు, స్కాట్లండ్ హైలాండర్లున్నారు, పంజాబీ దళాలూ ఉన్నాయి.

నవంబరు 16 పొద్దున సికందర్ బాగ్ మీద దాడి జరిగింది. ఎత్తయిన గోడల తోట అది. తప్పించుకునే దారిలేక లోపల చిక్కుకున్న సిపాయిలు దాదాపు 2 వేల మంది చనిపోయారని లెక్క. మధ్యాహ్నానికి సైన్యం షా నజఫ్ ముందుకు వచ్చి ఆగిపోయింది.

షా నజఫ్ కోట కాదు, సమాధి మందిరం. అవధ్ మొదటి రాజు ఘాజీ ఉద్దీన్ హైదర్ గోమతి ఒడ్డున కట్టించుకున్నది. ఇరాక్‌లోని నజఫ్‌లో ఉన్న హజ్రత్ అలీ సమాధి పేరు మీద దానికా పేరు వచ్చింది. తెల్లటి పెద్ద గుమ్మటం, చుట్టూ దిట్టమైన ప్రహరీ. సిపాయిలు ఆ ప్రహరీకి తుపాకులు పెట్టుకునే కంతలు చేశారు, పైకప్పు మీదా మనుషులను నిలిపారు. ముందు చెట్లూ పొదలూ ఉండటంతో బ్రిటిష్ దళాలకు గోడ సరిగా కనపడలేదు. లోపలి వాళ్లకు మాత్రం దగ్గరికొచ్చిన ప్రతి మనిషీ కనిపించాడు.

దూరం నుంచి మూడు గంటల పాటు కొట్టినా గోడ కదలలేదు. పొద్దు వాలుతోంది. వెనక్కి తగ్గే దారి ఇరుకు, దాని నిండా బళ్లూ గాయపడ్డవాళ్లూ. అప్పుడు పీల్ తన ఫిరంగులను గోడకు కొద్ది గజాల దూరం దాకా తోయించాడు. ఓడను శత్రువు ఓడకు ఆనించి కొట్టినట్టే ఆయన ఫిరంగులను గోడకు ఆనించి కొట్టాడని క్యాంప్‌బెల్ తన నివేదికలో రాశాడు. సైనికుల పద్ధతి ప్రకారం ఇది పిచ్చిపని. పెద్ద ఫిరంగి ఉన్నదే దూరం నుంచి కొట్టడానికి. తుపాకీ గుండుకు అందేంత దగ్గరికి తెస్తే దాన్ని నడిపేవాళ్లు ఒక్కొక్కరే కూలిపోతారు.

సరిగ్గా అదే జరిగింది.

24 పౌండ్ల ఫిరంగి అంటే దాని గుండు బరువు దాదాపు 11 కిలోలు. గొట్టం బరువే రెండు టన్నులకు పైగా ఉంటుంది. పేల్చిన ప్రతిసారీ అదంతా వెనక్కి తన్నుతుంది. మళ్లీ ముందుకు లాగాలి. తడిపిన కుంచె గొట్టంలోకి దూర్చి లోపల నిప్పురవ్వ మిగలకుండా తుడవాలి. అలా తుడిచేటప్పుడు వెనక నిప్పుపెట్టే రంధ్రాన్ని ఒకరు వేలితో మూసి పట్టుకోవాలి, లేకపోతే గాలి తగిలి మిగిలిన నిప్పు రాజుకుంటుంది. ఆపైన మందు సంచి, దాని వెనక గుండు, గట్టిగా దట్టించడం, గురి, నిప్పు. కుంచె దూర్చేవాడూ మందు దట్టించేవాడూ ఫిరంగి మూతి ముందు, అంటే గోడకు ఎదురుగా, దాపు లేకుండా నిలబడి తీరాలి. సాధారణంగా పది మంది పైచిలుకు పంచుకునే పని ఇది. వాళ్లకు ఎవరి చోటు వాళ్లది, ఎవరి వరస వాళ్లది. ఒక్కడు పడిపోతే మిగతావాళ్ల వరస తప్పుతుంది.

హాల్ నిజానికి ఆ జట్టువాడు కాడు. ఓ ఫిరంగికి మనిషి తక్కువైతే తానే ముందుకొచ్చి ఆ ఖాళీలో నిలబడ్డాడు. షానన్‌లో అతని హోదా ముందు కొయ్య మీద తెరచాప పని చూసే బృందానికి పెద్ద, అంటే ఎత్తులో, గాలిలో పనిచేసేవాడు. అయినా ఆ కాలపు యుద్ధనౌకలో ప్రతి నావికుడికీ ఫిరంగి పని వచ్చి ఉండాలి, దానికి రోజూ కసరత్తు ఉండేది. చుట్టుపక్కల మనుషులు చనిపోయో గాయపడో తగ్గిపోతుంటే ఫిరంగి నుంచి ఫిరంగికి తిరుగుతున్న లెఫ్టినెంట్ యంగ్ వచ్చి హాల్‌తో చేయి కలిపాడు. చివరికి మిగిలింది ఆ ఇద్దరే. కుంచె, మందు, గుండు, గురి అన్నీ తామే చూసుకుంటూ పేలుస్తూనే ఉన్నారు. ప్రతి దెబ్బకూ ఫిరంగిని ఇంకాస్త ముందుకు నెట్టామనీ, తమ గుండ్లు గోడకు తగిలి ఎగిరిన ఇటుక ముక్కలు తమకే తగిలేంత దగ్గరికి వెళ్లామనీ హాల్ ముసలితనంలో గుర్తు చేసుకున్నాడు.

ఇంత చేశాక గోడ కూలిందా? ఇక్కడే మరో పతకం కాగితం చూడాలి. అదే రోజు, అదే చోట 93వ హైలాండర్ దళానికి చెందిన సార్జెంట్ జాన్ పేటన్‌కూ విక్టోరియా క్రాస్ వచ్చింది. అతను కాల్పుల మధ్య ఒంటరిగా షా నజఫ్ చుట్టూ తిరిగి, అవతలి పక్కన ఒక గండి ఉందని కనిపెట్టి, తన దళాన్ని అటు నడిపించాడనీ, దానితోనే ఆ స్థావరం చేజిక్కిందనీ అతని ప్రకటన చెబుతుంది. అంటే సైన్యం లోపలికి వెళ్లింది హాల్ కొట్టిన వైపు నుంచి కాదు. చీకటి పడే వేళకు చిన్న గుంపొకటి వెనక నుంచి దూరేసరికి రక్షకులు అప్పటికే ఖాళీ చేసి వెళ్లిపోతున్నారు.

అలాగని హాల్ పని వృథా అని కాదు. ముందువైపు ఫిరంగులు ఆగకుండా మోగుతున్నంతసేపూ లోపలివాళ్ల చూపు అటే ఉంటుంది. వెనక ఒక మనిషి నడిచి వెళ్లగలగడానికి అదీ ఒక కారణమై ఉండవచ్చు. అయితే ఇది ఊహ మాత్రమే. కాగితం మీద ఉన్నంత వరకు హాల్‌కు పతకం ఇచ్చింది ఫలితానికి కాదు, నిలబడినందుకు. గోడ కూల్చిన కథ తర్వాత అతికినది. ధైర్యానికి ఫలితం ఉంటే తప్ప కథ పూర్తయినట్టు అనిపించని వాళ్లు అతికించినది. నిజానికి ఇద్దరే మిగిలాక కూడా ఆ పని చేస్తూ ఉండటానికి గోడ కూలడం అనే బహుమానం అక్కర్లేదు. కథ అలాగే గట్టిగా ఉంది.

ఆ రోజు చేసిన పనులకు ఇచ్చిన విక్టోరియా క్రాస్‌లు 24. ఒక్క రోజుకు ఇన్ని మళ్లీ ఎప్పుడూ రాలేదు. సైనికులంతా అంత ధైర్యంగా ఉన్నారా అంటే, ఉండొచ్చు. కానీ నియమాల్లోనే ఒక వెసులుబాటు ఉంది. ఒక దళమంతా సాహసం చూపినప్పుడు పతకం ఎవరికివ్వాలో ఆ దళమే ఎన్నుకోవచ్చు. పేటన్ అలా తోటివాళ్లు ఎన్నుకున్నవాడే. హాల్ విషయంలో ఎన్నిక లేదు, కెప్టెన్ కళ్లారా చూసి రాశాడు. పీల్ ఆ తర్వాత లక్నోలోనే గాయపడి, 1858 ఏప్రిల్‌లో కాన్పూరులో మశూచితో చనిపోయాడు. ఆ సిఫారసు ముందే రాసి ఉండకపోతే ఈ పేరు మనదాకా వచ్చేదే కాదేమో.

విక్టోరియా క్రాస్ అప్పటికి కొత్తది. 1856లో మొదలైంది. దాని గొప్ప అంతా హోదా చూడకపోవడంలో ఉంది: అడ్మిరల్‌కూ అడుగు నావికుడికీ ఒకే కంచు పతకం. నావికాదళానికైతే నీలి రిబ్బను. అధికారులు కానివాళ్లకు ఏడాదికి 10 పౌండ్ల భత్యం. కాగితం మీద సమానత్వం బాగానే ఉంది. జీవితాల్లోకి వస్తే వేరు. షా నజఫ్ దగ్గర షానన్ మనుషులు నలుగురికి ఈ పతకం వచ్చింది. అందులో లెఫ్టినెంట్ నోవెల్ సాల్మన్ గోడ మూలను ఆనుకుని ఉన్న చెట్టెక్కి లోపలివాళ్ల మీద కాల్పులు జరిపాడు. అతను తర్వాత నావికాదళంలో అత్యున్నత హోదా దాకా ఎదిగాడు. జాన్ హారిసన్ అనే నావికుడు 1865లోనే పోయాడు. హాల్ ఇంకో 17 ఏళ్లు ఓడల్లోనే పనిచేసి 1876లో చిన్న అధికారిగా పదవీ విరమణ చేశాడు. పతకం అందుకున్నది కూడా రాణి చేతుల మీదుగా కాదు. 1859 అక్టోబరు 28న ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ రేవులో, డొనెగల్ అనే ఓడ మీద ఒక రియర్ అడ్మిరల్ తొడిగాడు.

హోదా చూడని ఆ పతకానికి ఒక గీత ఉంది, అది భారతీయుల దగ్గర మొదలవుతుంది. క్యాంప్‌బెల్ సైన్యానికి లక్నో దారి చూపడానికి నవంబరు 9 రాత్రి రెసిడెన్సీ నుంచి మారువేషంలో ఇద్దరు బయటికి వచ్చారు. ఒకరు థామస్ కవనా అనే గుమాస్తా. రెండోవారు కనౌజీ లాల్ అనే వేగు. దారి తెలిసినవాడు, పట్టుబడితే మాట్లాడి బయటపడేయగలిగినవాడు లాలే. కవనా సైనికుడు కాడు కాబట్టి నియమాల ప్రకారం విక్టోరియా క్రాస్ రాకూడదు. దాంతో నియమం మార్చి మరీ ఇచ్చారు. కనౌజీ లాల్ కోసం ఏ నియమమూ మారలేదు. బ్రిటిష్ పక్షాన అదే రోజు గోడలెక్కిన పంజాబీ సైనికుల సంగతీ అంతే. వాళ్లకు 1837 నుంచి ఉన్న వేరే పతకం, ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్. విక్టోరియా క్రాస్‌కు భారతీయ సైనికులు అర్హులని ఒప్పుకోవడానికి 1911 దాకా పట్టింది. హాల్ నల్లవాడైనా రాణిగారి నావికాదళంలో పేరు నమోదైనవాడు కాబట్టి గీతకు ఇవతల ఉన్నాడు.

ఆ ఇవతలి పక్కకు అతను ఎలా వచ్చాడన్నది ఇంకా పెద్ద కథ. 1812లో మొదలైన బ్రిటిష్-అమెరికన్ యుద్ధంలో, తమ వైపు పారిపోయి వచ్చిన బానిసలకు స్వేచ్ఛ ఇస్తామని బ్రిటిష్ నావికాదళం ప్రకటించింది. అలా దాదాపు 2 వేల మంది కెనడాలోని నోవా స్కోషియాకు చేరారు. హాల్ తల్లిదండ్రులు జేకబ్, లూసీలు ఆ వలసలోనివాళ్లే. కొడుకు 1820ల చివర హార్టన్‌లో పుట్టాడు. ఓడలు కట్టే ఊళ్ల మధ్య పెరిగి, కుర్రవాడిగానే వాణిజ్య నౌకలెక్కాడు. 1847 నుంచి రెండేళ్లు అమెరికా నావికాదళంలోనూ పనిచేశాడు, ఏ దేశపు బానిసత్వం నుంచి అమ్మానాన్న తప్పించుకున్నారో ఆ దేశపు జెండా కిందే. 1852లో లివర్‌పూల్‌లో బ్రిటిష్ నావికాదళంలో చేరాడు.

దీన్ని విధేయత అనాలా, బతుకుతెరువు అనాలా? రెండూ కలిసి ఉండటానికి అడ్డేమీ లేదు. అతని ఇంట్లో బ్రిటిష్ జెండా అంటే స్వేచ్ఛ ఇచ్చినది. అవధ్ రైతుకు, సిపాయికి అదే జెండా 1856లో రాజ్యాన్ని మింగేసినది. ఇక్కడ హాల్‌ను సామ్రాజ్యపు కీలుబొమ్మ అని కొట్టిపారేయడం తేలిక, జాతివివక్షను గెలిచిన వీరుడని ఎత్తుకోవడమూ తేలికే. రెండు మాటల్లోనూ షా నజఫ్ గోడకు అవతల ఉన్నవాళ్లు మాయమవుతారు.

వాళ్లకు గెజెట్ లేదు. పొద్దున సికందర్ బాగ్‌లో ఒక స్త్రీ చెట్టెక్కి పలువురు బ్రిటిష్ సైనికులను కాల్చి చంపిందని బ్రిటిష్ జ్ఞాపకాల్లోనే ఉంది. ఆమె పాసీ కులానికి చెందిన ఊదా దేవి అని అవధ్ జనం చెప్పుకుంటారు. ఇప్పుడక్కడ ఆమె విగ్రహం ఉంది. అదే రోజు, కొద్ది దూరంలో సాల్మన్ కూడా చెట్టే ఎక్కాడు. అతని పనికి తేదీతో సహా రాజముద్ర పడింది. ఆమెను గుర్తుపెట్టుకోవడానికి జనం నోళ్లే దిక్కయ్యాయి.

మన వైపు 1857 జ్ఞాపకం మరో రూపంలో నడిచింది. సెప్టెంబరులో లక్నోలోకి చొచ్చుకెళ్లిన మొదటి దాడిలో చనిపోయిన మద్రాస్ ఫ్యుసిలియర్స్ అధికారి నీల్ విగ్రహం మద్రాసు నడిబొడ్డున నిలబడి ఉండేది. అలహాబాద్, కాన్పూరుల్లో అతను సాగించిన ఉరితీతలు జనం మరిచిపోలేదు. 1927లో ఆ విగ్రహం తీసేయాలని సత్యాగ్రహం జరిగింది. రాజాజీ ప్రభుత్వం వచ్చాక 1937లో దాన్ని అక్కణ్ణుంచి తొలగించారు.

యాదృచ్ఛికమే కానీ, సరిగ్గా అదే 1937లో నోవా స్కోషియాలో హాల్ కోసం కదలిక మొదలైంది. పదవీ విరమణ తర్వాత హాల్ ఊరికి తిరిగొచ్చి అక్కచెల్లెళ్లతో కలిసి చిన్న పొలం చూసుకుంటూ బతికాడు. 1901లో, తర్వాత అయిదో జార్జిగా రాజైన యువరాజు హాలిఫాక్స్ వచ్చినప్పుడు మాజీ సైనికుల ఊరేగింపులో పాల్గొన్నాడు. 1904 ఆగస్టులో చనిపోతే సైనిక లాంఛనాలేవీ లేకుండా, గుర్తు రాయి కూడా లేని సమాధిలో పూడ్చారు. మాజీ సైనికుల సంఘం పట్టుబట్టాక 1945లో అవశేషాలను హాంట్స్‌పోర్ట్ బాప్టిస్ట్ చర్చి దగ్గరికి మార్చారు, 1947లో స్మారకం కట్టారు. బ్రిటన్‌లో ఉన్న పతకాన్ని 1967లో నోవా స్కోషియా ప్రభుత్వం తిరిగి తెప్పించింది. 2010లో తపాలా బిళ్ల, 2023లో కెనడా నావికాదళం చేతికి అతని పేరుతో ఆర్కిటిక్ గస్తీ నౌక వచ్చాయి.

ఈ క్రమాన్ని గమనిస్తే ఒకటి తెలుస్తుంది. 1859లో బ్రిటన్‌కు హాల్ ఒక మంచి నావికుడు, అంతే. విక్టోరియా క్రాస్ పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి అన్న మాటకు బరువు వచ్చింది 20వ శతాబ్దంలో, కెనడా తన చరిత్రలో నల్లవాళ్ల చోటు వెతుక్కోవడం మొదలుపెట్టాక. గోడ కూలిన కథ బలపడటం కూడా ఈ అవసరంలో భాగమే అనుకోవాలి. స్మారకానికీ తపాలా బిళ్లకూ సగం కథ సరిపోదు. పేటన్ కనిపెట్టిన గండి, ఖాళీ చేసి వెళ్లిపోతున్న సిపాయిలు ఆ బొమ్మలో ఇమడరు.

లక్నోలో షా నజఫ్ ఇప్పటికీ నమాజులూ, మజ్లిస్‌లనే సంతాప సభలూ జరిగే ఇమాంబాడా, అంటే షియా ముస్లింల ప్రార్థనా మందిరం. మొహర్రం రోజుల్లో దీపాలతో నిండిపోతుంది. అక్కడికి వచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది ఘాజీ ఉద్దీన్ హైదర్ సమాధి కోసమో, షాండ్లియర్ల కోసమో వస్తారు. హాల్ పేరు అడిగేది కెనడా నుంచి ఎవరైనా వస్తేనే.